కీలుచెవి విన్నది

2074 నాటికి అనకాపల్లిలో వంకర పళ్లు చూడాలంటే పాత పెళ్లి ఫొటోలు వెతుక్కోవాలి. పళ్లకు పూసే కదలికపొర, అంటే స్మార్ట్ అలైనర్, నలభై రోజుల్లో వాటిని వరసలో నిలబెట్టేస్తుంది. దవడ కీలు మాత్రం అంత తేలిగ్గా మాట వినే రకం కాదు. కీలు బాగోలేనివాళ్లకు ముందు దాన్ని కుదుటపరిచి, ఆ తరవాతే పళ్లు జరపాలి. డాక్టర్ సువర్చల కాలేజీలో ఈ పాఠాన్ని ఏటా చెబుతూనే ఉంది.

కీలుచెవిని కనిపెట్టింది ఆవిడే. బియ్యపుగింజంత సెన్సర్ అది. చెవి ముందు అంటిస్తే దవడ ఎప్పుడు బిగిసిందో, ఆ క్షణంలో చుట్టూ ఏ మాటలు వినిపించాయో గుర్తుపెట్టుకుంటుంది. పోల్చి చూడటానికి ఒక ఆరోగ్యమైన దవడ కావాలి కనుక, వైద్యం చేసే డాక్టరు కూడా ఒక గింజ అంటించుకోవాలి. తన దవడ నిక్షేపంలా ఉందన్న నమ్మకంతో సువర్చల అంటించుకుంది.

రెండు నెలలుగా రెండో గింజ మోస్తున్నది నూకరత్నం, కబడ్డీ క్రీడాకారిణి. నోరు తెరిస్తే నిలువునా మూడు వేళ్లు పట్టాలి. ఆమెకు రెండే పడుతున్నాయి. కూతకు వెళ్లినప్పుడు దవడ పట్టేసిందంటే కూత ఆగిపోతుంది, కూత ఆగితే ఔట్. రాష్ట్ర జట్టు ఎంపికకు ఇంకా పది రోజులే ఉంది.

ఆరేళ్ల కిందట ఇదే కుర్చీలో కూర్చుని, "మేడంగారూ, నమిల్తే సెవికాడ కటక్‌మంటాది" అని చెప్పింది నూకరత్నం. "అది అందరికీ ఉండేదేనమ్మా" అని సువర్చల పొర పూసేసింది. అప్పటికి రెండు నెలల్లో ఢిల్లీ సదస్సు. అక్కడ చూపించడానికి చికిత్సకు ముందువీ తరవాతవీ ఫొటోలు కావాలి. ఫొటోలకు చప్పట్లు మోగాయి. నూకరత్నం దవడ పట్టేసింది. అప్పటినుంచి ఆమె వచ్చినప్పుడల్లా, "అంతా నీ టెన్షన్ వల్లేనమ్మా" అని చెబుతూ వచ్చింది సువర్చల.

ఇవాళ కూడా నూకరత్నం వచ్చింది. "నివేదిక చదువు" అంది సువర్చల, గింజల లెక్కలు అందుకునే యంత్రంతో.

"గట్టి బిగింపులు మైదానంలో మూడు, ఈ గదిలో పద్నాలుగు."

"ఈ గదిలోనా? ఎప్పుడు?"

"'అంతా నీ టెన్షన్ వల్లే' అన్న మాట వినిపించినప్పుడల్లా. ఆ పద్నాలుగుసార్లూ పోలిక దవడ కూడా, అంటే మీది, బిగిసింది."

సువర్చల వేలు చెరిపేసే మీట దాకా వెళ్లింది. ఎదురుగా నూకరత్నం తువ్వాలు అంచు మెలిపెడుతూ తలవంచుకుని కూర్చుంది. తప్పు తనదే అన్నట్టున్న ఆ వాలకం చూసి సువర్చలకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నీ తప్పేం లేదమ్మా. కీలు బాగోలేదని నువ్వు చెప్పావు. విని కూడా నేను పళ్లు జరిపాను. ఫొటోల కోసం."

నూకరత్నం తువ్వాలు వదిలేసి తలెత్తింది.

"నాకు తెలుసు మేడంగారూ. మీ మొకం సూసే తెలుసుకున్నాను. అడిగితే మీరు నొచ్చుకుంటారు, మరి నా దవడెవులు సూత్తారు? అందుకే ఊరుకున్నాను."

ఇద్దరికీ ఏడుపొచ్చింది. కాసేపటికి నూకరత్నం కళ్లు తుడుచుకుని, అలవాటుగా నోట్లో రెండు వేళ్లు పెట్టుకుంది. మూడో వేలు గోరు దాకా వెళ్లింది, ఆగింది, మెల్లగా లోపలికి పట్టింది. ఆరేళ్ల తరవాత మొదటిసారి.

"కండరాలు వదిలాయి. ఇక కీలుకు మందు పనిచేస్తుంది" అంది యంత్రం. "పోలిక దవడ మాత్రం ఇంకా బిగిసే ఉంది."

"ఇంకేటుంది మేడంగారూ?"

సువర్చల కళ్లు గోడ మీదికి వెళ్లాయి. సదస్సులో బహుమతి తెచ్చిన ఫొటోలు అక్కడ వరసగా ఉన్నాయి. నవ్వుతున్న ముఖాలు పన్నెండు. నూకరత్నంది మూడోది. మిగతా వాళ్లలో ఎంతమంది చెవి దగ్గర కటక్‌మంటోందని చెప్పారో ఆమెకు బాగా గుర్తుంది.

"ఏం లేదమ్మా" అంటూ సువర్చల తన చెవి ముందున్న గింజను పీకి జేబులో వేసుకుంది.

యంత్రం ఊరుకుంది. ఆవిడ దవడ మాత్రం నొప్పి పెడుతూనే ఉంది.