రెండు గంటల సర్దుబాటు

ఈ మాట ఇంతవరకూ ఎవరి ముందూ అనలేదు. ఫారంలో ఆ గడిలో 'రెండు గంటలు' అని వేసింది నేనే.

రాష్ట్రమంతా సోలార్ మీదే నడుస్తోంది కదా, మబ్బు పడితే కరెంటు తగ్గుతుంది. అప్పుడు ఎవరి మోటార్లు ఎంతసేపు ఆగగలవో చూసి, వాటిని ఆపి, ఆ కరెంటు నగరానికి సర్దే కంప్యూటర్ మోడల్ మా విద్యుత్ కంట్రోల్ రూంలో ఉంది. ఆగగలిగే ఆ ఓపికకే ఫ్లెక్సిబిలిటీ అని పేరు. ఊరూరా తిరిగి అది రాసుకురావడం నా పని.

నాకు డిగ్రీ లేదు. కోడింగ్ ఫోన్లో చూసి నేర్చుకున్నాను. అయినా ఆ మోడల్ తయారుచేసిన సైంటిస్టు హైమవతి మేడమ్ నన్ను పనిలోకి తీసుకున్నారు. "చదువుకున్నవాళ్లు రైతు దగ్గర కూర్చోరు. నువ్వు కూర్చుంటావు," అన్నారు.

కూర్చున్నాను. ఉప్పుటేరు పక్కన, ఏసుపాదం బాబాయ్ రొయ్యల చెరువు గట్టు మీద. నీళ్లలో గాలి కలుపుతూ ఏరేటర్లు తిరుగుతున్నాయి.

"ఇవి ఎంతసేపు ఆగుతాయి బాబాయ్?"

"ఎండ కాస్తే రెండు గంటలు ఆపినా ఏం కాదు. నీళ్లలో నాచే ఆక్సిజన్ ఇస్తుంది. మబ్బేసిందా, అరగంటకి రొయ్య తేలిపోద్ది. ఇదంతా ఆ గడిలో పడుద్దా అమ్మాయ్, రొయ్యని కూడా పిలిచి అడగాలా?"

గడిలో ఒక్క అంకే పడుతుంది. నవ్వేసి, రెండు కొట్టాను.

మేడమ్ ఆ అంకెనే నాలుగు వేల చెరువులకి వేసి ప్రభుత్వానికి చూపించారు. అది నమ్మి, ఇక అక్కర్లేదని సర్కారు వాళ్లు రైతుల డీజిల్ జనరేటర్లు పట్టుకుపోయారు. తప్పు అప్పుడు తెలిసింది నాకు. ఎండ కాసినప్పుడు ఆ ఓపికతో ఎవరికీ పని లేదు. మబ్బు పట్టినప్పుడు అసలు అది లేదు. అయినా అంకె అలాగే వదిలేశాను.

ఇవాళ పొద్దున్నుంచి ముసురు. సరిగ్గా ఒంటిగంటకి మోడల్ చెరువుల ఏరేటర్లన్నీ ఆపేసింది.

"చూశావా, నగరంలో ఒక్క ఫ్యానూ ఆగలేదు. అంతా నీ అంకె చలవే," అని నా భుజం తట్టి, మంత్రిగారికి అదే చూపించడానికి మేడమ్ కింద ఏసీ హాల్లోకి వెళ్లారు.

ఐదు నిమిషాలకి బాబాయ్ మెసేజ్. "కరెంటు పోయింది అమ్మాయ్. నువ్వు ఆఫీసులోనే ఉన్నావుగా, కాస్త చెప్పి వేయించు."

మోడల్‌ని ఆపగలిగేది మేడమ్ ఒక్కరే. ఆపితే మంత్రి కూర్చున్న హాల్లోనే చీకటి. ఎందుకు ఆపాలో కూడా చెప్పాలి.

నోటితో అనలేనివి రాసుకోవడం నా అలవాటు. ఇది రాస్తూంటే ఒకటీ ఇరవై అయింది. బాబాయ్ మళ్లీ పంపాడు. ఈసారి ఫొటో. గట్టు వారగా నీళ్ల మీద, గాలి కోసం పైకొచ్చిన రొయ్యల మీసాలు.

బాబాయ్ చెప్పిన అరగంటకి ఇంకా పది నిమిషాలుంది. చాలు రాసింది. మేడమ్‌కి ఫోన్ చేస్తున్నాను.