అండర్‌పాస్ గోడలో చప్పుడు

ఆ అండర్‌పాస్‌లో రాత్రిపూట బండి ఆపకూడదని అందరికీ తెలుసు. టైరు పంక్చరైనా సరే, చెమటలు కక్కుకుంటూ పైదాకా తోసుకొచ్చేవాళ్లు గానీ లోపల నిలబడేవాళ్లు కాదు.

కారణం లేకపోలేదు. ఒక వానాకాలంలో గంటసేపట్లోనే నీళ్లు నిండిపోయి అక్కడ ఒక కారు మునిగింది. లోపల మొగుడూ పెళ్లాం. తలుపులు తెరుచుకోలేదు. పైన రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డ జనానికి అద్దం మీద కొడుతున్న చప్పుడు వినబడిందట... కాసేపటికి అదీ ఆగిపోయింది.

అప్పట్నుంచీ అర్ధరాత్రి దాటితే ఆ గోడలో ఎవరో తడతారని పేరు పడింది.

నేను వినలేదు. విన్నది మా పెద్దమ్మ కూతురు. అక్క చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

అక్క అప్పుడు సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది. వేసవి సెలవుల్లో ఇంటర్న్‌షిప్. క్లాసులో సగం మంది ఏ మామయ్య సిఫారసుతోనో ఏసీ గదుల్లో కూర్చుని డ్రాయింగులు గీస్తుంటే, తన వాటాకి ఈ అండర్‌పాస్ వచ్చింది. గోడలు బీటలు వారాయి. ఆ బీటలు పెరుగుతున్నాయా, ఆగాయా — రోజూ కొలిచి రాయాలి. పగలు ట్రాఫిక్. అందుకని రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా రోడ్డు మూసేవాళ్లు.

తోడుగా ఇంకో క్లాసుమేటు, అందరూ చిట్టి అని పిలిచే అమ్మాయి. వాన నీళ్లు తోడే మోటార్ల దగ్గర కాపలా ఉండే ముసలాయన. అంతే, ముగ్గురు.

మొదటి వారం ఏమీ లేదు. చిట్టి జోకులు కూడా వేసింది. "గోడలకి చెవులుంటాయంటారు. ఈ గోడకి చేతులు కూడానట."

ఎనిమిదో రాత్రి, రెండు దాటాక...

టక్. టక్. టక్.

గోడ లోపలి నుంచి. కాసేపు ఆగి — మళ్లీ.

చిట్టి చేతిలో టార్చి కింద పడింది. ముసలాయన పంపు గది గుమ్మంలోనే ఆగిపోయి, గొంతు తగ్గించి అన్నాడు. "పట్టించుకోకు తల్లీ. వాళ్లు తడుతుంటారు. నువ్వు మాత్రం తిరిగి తట్టకు... తడితే లోపలికి పిలుస్తారు."

చిట్టి ఆ పొద్దున్నే జ్వరం తెచ్చుకుంది. మళ్లీ రాలేదు.

అక్క మొండిది. భయమేస్తే లెక్క పెట్టడం చిన్నప్పట్నుంచీ అలవాటు. ఆ రాత్రి చప్పుళ్లు నలభై ఆరు. టైముతో సహా పుస్తకంలో రాసుకుంది.

పొద్దున ఆఫీసులో తన పని చూసే ఇంజనీరు సార్‌కి చూపిస్తే, ఆయన టీ కప్పు కింద పెట్టకుండానే నవ్వాడు. "పైపుల్లో నీళ్లు ఆగినప్పుడు అలాగే కొట్టుకుంటాయి. వాటర్ హామర్. పుస్తకంలో చదివావు కదా? దెయ్యాలంటూ రిపోర్టులో రాసేవు, పరువు పోతుంది."

అక్కకి సిగ్గేసింది. సిగ్గు ముందు భయం నిలవలేదు.

తొమ్మిదో రాత్రి మళ్లీ మొదలైంది. ముసలాయన మోటారు చూడ్డానికి వెళ్లాడు. అక్క సంచీలోంచి చిన్న సుత్తి తీసింది. గోడ గుల్లబారిందేమో కొట్టి చూసే సుత్తి. గోడ దగ్గరికి వెళ్లి, ఊపిరి బిగబట్టి, మూడుసార్లు కొట్టింది.

లోపల నిశ్శబ్దం.

తర్వాత... మూడు దెబ్బలు.

అక్క రెండు కొట్టింది. రెండే వచ్చాయి.

ఆ వెంటనే గోడంతా వణికినట్టు — టకటకా టకటకా — ఆగకుండా, ఊపిరాడనట్టు, పిచ్చెత్తినట్టు. అక్క చెయ్యి సుత్తితో పాటు గాల్లోనే ఉండిపోయింది. ముసలాయన పరుగున వచ్చి జబ్బ పట్టుకుని ఈడ్చుకెళ్లి పంపు గదిలో పడేసి తలుపు వేశాడు. తెల్లారేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. మోటారు రొదలో ఆ చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

పైపుల్లో నీళ్లకి లెక్కలు రావని అక్కకి తెలుసు. అయినా సార్‌తో అనలేదు. అంటే నవ్వుతాడు. సర్టిఫికెట్ మీద సంతకం ఆయనది. ప్రతిధ్వని అయి ఉంటుందని తనకి తనే సర్దిచెప్పుకుంది.

పదో రాత్రి గోడ దగ్గరికి వెళ్లకుండా రోడ్డుకి ఈ పక్కనే నిలబడి లెక్కపెట్టింది. పన్నెండు. మధ్యలో చాలాసేపు ఖాళీ.

పదకొండో రాత్రి ఐదు. చివరిది ఎంత మెల్లగా వచ్చిందంటే, రాయాలా వద్దా అని ఆలోచించింది. రాసింది.

పన్నెండో రాత్రి ఏమీ లేదు.

"వెళ్లిపోయారు," అన్నాడు ముసలాయన. ఇద్దరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఆయన ఇంటినుంచి తెచ్చుకున్న అన్నంలో సగం అక్కకి పెట్టాడు.

ఆఫీసులో అక్క తన చప్పుళ్ల లెక్కని గ్రాఫుగా గీసి చూపించింది. రోజురోజుకీ దిగిపోతున్న గీత. కింద ఒక వాక్యం రాసింది: గోడ వెనక నీటి ఒత్తిడి క్రమంగా తగ్గింది. సార్ ఆ పేజీ నలుగురికీ చూపించాడు. "పరిశీలన అంటే ఇదీ."

మరో పది రోజులకి, గోడ వెనక నీళ్లు బయటికి పోవడానికి రంధ్రాలు వేయించారు. మూడో రంధ్రంలోంచి నీళ్లు రాలేదు. వాసన వచ్చింది.

గోడ పగలగొట్టారు. వెనక పాత మురుగుకాలువ. ఏ డ్రాయింగులోనూ లేదు. అందులో గోడకి ఆనుకుని ఒక మనిషి... చేతిలో గునపం.

ఆ పై వీధిలో కాలువ పూడిందని కాంట్రాక్టరు మ్యాన్‌హోల్‌లోకి దింపిన కూలీ. లోపలికి వెళ్లాక వెనక కప్పు కూలింది. కాంట్రాక్టరు మ్యాన్‌హోల్ మూత వేయించి, వేరే ఊళ్లో పని దొరికి వెళ్లాడని ఇంట్లో చెప్పించాడు. వెనక్కి దారి లేక అతను ముందుకి పాక్కుంటూ ఈ గోడ దాకా వచ్చాడు. గోడ అవతల రోడ్డుంటుందని ఊహించి ఉంటాడు. పగలంతా కొట్టినా లారీల రొదలో ఎవరికి వినబడుతుంది?

సార్ అక్కని పక్కకి పిలిచాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ పేజీ తీసెయ్," అన్నాడు. అక్క తీసేసింది.

మర్నాడు ఆ మనిషి భార్య వచ్చింది. పోలీసులు, ఆఫీసర్లు ఎవరి మాటల్లో వాళ్లున్నారు. ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. నేరుగా అక్క దగ్గరికి వచ్చి నిలబడింది.

"రాత్రుళ్లు ఇక్కడే ఉన్నారంట కదమ్మా మీరు. ఏమన్నా వినబడిందా?"

ముసలాయన తల దించుకున్నాడు.

"లేదండీ... ఏమీ వినబడలేదు."

ఆమె అక్క కళ్లలోకి చూసింది. తర్వాత అక్క చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. సుత్తి పట్టిన చెయ్యే.

"అయితే కప్పు కూలినప్పుడే ప్రాణం పోయుంటుందమ్మా," అంది. "ఎవరైనా వస్తారని ఎదురుచూసుండడు. అంతే చాలు."