దీపాలు ఏరే ఆట

"కథ తీసేశానండి. దీపాలు మాత్రం ఉంచాను," అన్నాడు యుగంధర్, కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే.

మధులత టిఫిన్ బాక్సు ఇంకా కింద పెట్టలేదు. రాజమండ్రిలో ఓ మేడ మీద నడిచే ఆ చిన్న గేమ్ కంపెనీలో ఆటకి కథ రాసేది ఆమె, ఆడే పద్ధతి తయారుచేసేది అతను. మొదటిరోజు నుంచీ ఇద్దరికీ పడదు. పడదంటూనే పక్కపక్క కుర్చీలు మార్చుకోలేదు.

ఆట గోదావరి మీద. కార్తీకమాసం అయిపోయిన మర్నాడు, పోలి పాడ్యమికి, తెల్లవారుజామున ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదులుతారు. ఆ దీపాల మధ్య పడవ నడపాలి. చిన్నప్పట్నించీ హాస్టళ్ళలో పెరిగిన యుగంధర్‌కి ఆ తెల్లవారుజాములు తెలియవు. ఆటలో మెరిసేదేదైనా ఏరుకోవాల్సిందే అనుకుని, ఒక్కో దీపానికి పది పాయింట్లు పెట్టాడు.

"వదిలిన దీపాన్ని ఎవరైనా మళ్ళీ తీస్తారాండీ?" అంది మధులత.

కథ రాగానే జనం స్కిప్ నొక్కేస్తున్నారని, పెద్ద కంపెనీలే రచయితల్ని మానిపించేస్తున్నాయని ఓనరు తాతాజీ గారు అన్నారట. నెలాఖరుకి ఆమె ఉద్యోగం కూడా ఉండదట. ఆ మాట చెప్తూ యుగంధర్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. చూపు కిటికీ అవతల పడుతున్న జల్లు మీదికి పోయింది.

ఆ మధ్యాహ్నం అతను ఆట పరీక్షించడానికి కూర్చున్నాడు. దీపాలన్నీ పడవకి దొరుకుతున్నాయి, ఒక్కటి తప్ప. దగ్గరికెళ్తే అది పక్కకి జరుగుతోంది. కోడ్ చూశాడు. అలా జరగమని ఎక్కడా లేదు. పంతం కొద్దీ తరిమి, రేవు మూలకి నెట్టి పట్టుకున్నాడు.

స్క్రీన్ మీద నీళ్ళు ఆగిపోయాయి. హెడ్‌ఫోన్స్‌లో, ఎవరో వెనకనుంచి వంగి చెప్పినట్టు, ఒకావిడ గొంతు.

"అది మా మధు నాకొదిలింది బాబూ. ఇచ్చెయ్యి."

మెడ మీద తడిగాలి తగిలింది. కిటికీలు మూసే ఉన్నాయి.

ఉద్యోగం పోతోందన్న కోపం కొద్దీ మధులతే ఇలా రికార్డు చేసి పెట్టిందనుకున్నాడు. పిలిచి కాస్త గట్టిగానే అడిగాడు. తను ఏ గొంతూ పెట్టలేదందామె. నమ్మలేక హెడ్‌ఫోన్స్ చేతికిచ్చాడు.

వింటూ వింటూ ఆమె ముఖం పాలిపోయింది. చాలాసేపు వాటిని తియ్యలేదు.

"మా అమ్మండి," అంది చివరికి. "పోయి రెండేళ్ళవుతోంది. పోయిన పోలికి అమ్మ పేరు చెప్పుకుని వదిలిన దీపం నా కళ్ళముందే మునిగిపోయింది. అందుకే ఆటలో ఒకటి నా చేత్తో పెట్టాను. అదైనా చేరుతుందని."

యుగంధర్ మళ్ళీ పెట్టుకుని విన్నాడు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఫైళ్ళన్నీ వెతికినా ఆ గొంతు దొరకలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు అతను తిండి కూడా సరిగ్గా తినకుండా ఆట మార్చాడు. ఇప్పుడు పాయింట్లు లేవు. దీపాన్ని పట్టుకోకూడదు. పడవ లేపే అలకి అది ఆరిపోకుండా, ధవళేశ్వరం ఆనకట్ట గేట్లు దాటేదాకా కాచుకుంటూ వెళ్ళాలి. అది ఎవరు ఎవరికి వదిలిన దీపమో దారిలో తెలుస్తుంది. ఆట ఆపి కథ వినక్కర్లేదు, తెడ్డు వేస్తూనే వినాలి.

పాయింట్లు లేని ఆట ఎవడాడతాడని విసుక్కుంటూనే తాతాజీ గారు ఆట ఉన్న ఫోన్ అందుకున్నారు. గేట్ల దగ్గర దీపం రెపరెపలాడగానే, ఆయన తెలియకుండానే స్క్రీన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టారు.

"స్కిప్ నొక్కడానికి భయమేసిందయ్యా," అన్నారు ఫోన్ తిరిగిస్తూ. "ఆ అమ్మాయిని ఉండమను."

సాయంత్రం మధులత ఆడింది. ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో, ఇంకొకటి అతని చెవిలో. దీపం గేట్లు దాటి, ఆరకుండానే, చిన్నదై చిన్నదై కనపడకుండా పోయింది. ఆమె ఉలిక్కిపడింది. తర్వాత నవ్వింది, కళ్ళనిండా నీళ్ళతో.

"ఏంటండీ?"

"మీకు వినపళ్ళేదా?"

"లేదు."

"'ఈ అబ్బాయి అన్నం తిన్నాడా' అని అడుగుతోంది అమ్మ."

యుగంధర్ చేతులమీద రోమాలు లేచి నిలబడ్డాయి. అయినా ఆమె పక్కనుంచి జరగబుద్ధి కాలేదు.

"మీరేమన్నారు?"

"ఇంటికి తీసుకెళ్ళి పెడతానన్నాను," అంది మధులత తల దించుకుని. "ఈ ఒక్కరోజుకే కాదని కూడా అన్నాను."

అతను కుర్చీలోంచి లేచాడు. ఇద్దరి వెనకా ఖాళీగా ఉన్న గదివైపు తిరిగి, చేతులు కట్టుకుని, "భోజనానికి వస్తానండి," అన్నాడు.