ఏడు సీట్ల బండిలో అవ్వ ఒడి

ధర్మవరం నేత వీధిలో మగ్గాల చప్పుడు ఇంకా మొదలుకాలేదు గానీ, ఆదెన్న ఇంటి ముందు గొడవ మాత్రం అప్పటికే మొదలైంది. గొడవంతా వాకిట్లో నిలబెట్టిన కొత్త బండి గురించి. తెల్లగా, ఎత్తుగా, ఏడు సీట్లతో ఉన్న ఆ బండి ఇంటికొచ్చి మూడు నెలలు కాలేదు. ఆదెన్న దారిన పోయేవాళ్ళను ఆపి మరీ దాని గొప్పలు చెప్పేవాడు.

"ఆరు ఎయిర్ బ్యాగులప్పా! టెస్టుల్లో అయిదు స్టార్లు వచ్చినాయంట. గోడను గుద్దినా లోపలుండే మనిషికి గీత పడదు."

గోడను గుద్ది చూసొచ్చినవాడిలాగే చెప్పేవాడు పెద్దమనిషి. అంత భద్రమైన బండిలో వెనక సీటు బెల్టులు మాత్రం కనబడవు. దానికి కారణం పట్టు. బండి కొన్న కొత్తలో కోడలు సుజాత బెల్టు పెట్టుకుని ఒక పెళ్ళికి పోతే, దాని కొక్కేనికి తగులుకుని చీర మీది జరీ పోగు లేచింది. నేత ఇళ్ళలో ఆడవాళ్ళు పెళ్ళికి కట్టుకుపోయే చీరంటే నడిచే అంగడి. దాన్ని చూసే నలుగురు ఆర్డర్లిస్తారు. పోగు లేచిన చీరతో ఎవరి ముందు నిలబడతారు? ఆ వారమే ఆదెన్న సీట్లకు మెత్తటి కవర్లు కుట్టించాడు. బెల్టులన్నీ వాటి కిందికి పోయాయి. బెల్టుకు సందు వదలమంటారా అని కుట్టేవాడు అడిగితే, అక్కర్లేదని చెప్పింది ఆదెన్న భార్య కదిరమ్మే.

ఈరోజు విడపనకల్లులో కదిరమ్మ తమ్ముడి కూతురి పెళ్ళి. మూడో వరుస సీట్లు మడిచేసి, పైకప్పు దాకా పెళ్ళిలో పెట్టే చీరల మూటలు ఎక్కించారు. సరిగ్గా అప్పుడు సుజాత ఇంట్లోంచి పిల్లలు కూర్చునే సీటొకటి మోసుకొచ్చింది. కూతురు నందిని కోసం తెప్పించిన సీటది. పిల్లకు నాలుగేళ్ళు.

"ఇదేందిమ్మే?" అంది కదిరమ్మ.

"నందిని సీటత్తా. ఆ కవరు కొంచెం కోసి బెల్టు బయటికి తీస్తే, దీన్ని కట్టేయొచ్చు."

"కొత్త కవరు కోస్తావా? బిడ్డనేమన్నా దూడ అనుకున్నావా, గుంజకు కట్టేసేకి? నా ఒళ్ళో కూర్చుంటాది. ఎప్పుడూ కూర్చునేది అట్లనే గదా!"

"బండి గట్టిగా ఆగితే ఒళ్ళో పిల్ల ఆగదత్తా."

ఆ మాట కదిరమ్మకు ముల్లులా గుచ్చుకుంది. కొడుకు ఓబిలేష్‌ను ఒళ్ళో పెట్టుకుని రాట్నం మీద పట్టు చుట్టిన మనిషి ఆమె. ఒక చెయ్యి రాట్నం మీద, ఒక చెయ్యి బిడ్డ మీద. ఏ ఇంట్లో పిల్ల ఊరుకోకపోయినా తెచ్చి కదిరమ్మ ఒళ్ళో వేసేవాళ్ళు. చదువు, ఆస్తి ఏవీ లేని ఆమెకు ఉన్న పేరల్లా అదొక్కటే.

"అంటే నేను బిడ్డను వదిలేస్తానా? చెప్పు! నీ మొగుణ్ణి పెంచింది ఈ చేతులే."

"అట్లనలేదత్తా..."

"ఇంకెట్లంటారు మరి!"

ముందు సీట్లోంచి ఆదెన్న విసుక్కున్నాడు. "ముహూర్తానికి పోవాల్నా, ఈడనే పెళ్ళి చేయాల్నా? ఆరు బ్యాగులుండాయి బండికి. ఎక్కండి."

ఓబిలేష్ భార్య వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఇద్దరికీ మంచివాడనిపించుకోవడం అతనికి మొదట్నించీ అలవాటు. ఆ సీటు తీసుకుని మూటల మధ్య దోపేశాడు. "ఊరు దాటినాంక పెడతాలే సుజాతా," అన్నాడు. ఊరు దాటింది, అనంతపురం దాటింది, ఉరవకొండ కూడా దాటింది. సీటు మూటల మధ్యనే ఉంది. సుజాత మళ్ళీ అడగలేదు. కిటికీలోంచి ఎండిన చేలను చూస్తూ కూర్చుంది.

నందిని మాత్రం అవ్వ ఒళ్ళో రాణిలా కూర్చుని, కనబడ్డ ప్రతి గాలిమరనూ చూపిస్తూ కబుర్లు చెప్పింది. కదిరమ్మ మనవరాలి నడుము చుట్టూ రెండు చేతులూ పెనవేసి, కోడలికి కనబడేలా ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. చూడమ్మా, ఎంత భద్రంగా ఉందో అన్నట్టు.

విడపనకల్లు దగ్గర పడుతుండగా పల్లె రోడ్డులోకి తిరిగారు. రోడ్డు మీద ఉలవ పైరు పరిచి ఉంది. బండ్ల చక్రాలు తొక్కితే కాయ నలిగి గింజ రాలుతుందని రైతులు అట్లా పరుస్తారు. ఆ చుట్టుపక్కల ఎవరికీ అది వింత కాదు. ఓబిలేష్ కూడా వేగం పెద్దగా తగ్గించలేదు. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక ముసలామె వంగి కట్టెతో పైరు తిరగేస్తోంది.

అతను బ్రేకు తొక్కాడు. ఎండు పైరు మీద చక్రాలు నిలవలేదు. బండి జర్రున జారి, ముసలామెను తప్పించుకుని, రోడ్డు పక్క గుంతలోకి దిగి రాతి గట్టుకు తగిలి ఆగింది.

అంతే. అంతకన్నా ఏమీ జరగలేదు. బండి పల్టీ కొట్టలేదు, అద్దం కూడా పగల్లేదు. వెనకనుంచి ఒక మూట వచ్చి సుజాత వీపుకు కొట్టుకుంది. కదిరమ్మ తల ముందు సీటుకు తగిలింది. ఆమె కళ్ళు తెరిచి చూసుకుంది. చేతులు రెండూ ఇంకా గుండ్రంగా పెనవేసినట్టే ఉన్నాయి. వాటి మధ్య బిడ్డ లేదు.

నందిని ముందు సీట్ల సందులో గేరు దగ్గర పడి ఉంది. నుదుటి మీంచి రక్తం. చప్పుడు లేదు.

"నందినీ!" అని సుజాత పెట్టిన కేకకు చేలో పనిచేసేవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. పిల్ల ఏడవడానికి ఎంతసేపు పట్టిందో కదిరమ్మకు తెలియదు. ఆమెకు మాత్రం ఒక జన్మ గడిచినట్టయింది.

ఊరివాళ్ళు బండిని గుంతలోంచి తోశారు. మళ్ళీ ఉరవకొండకే వచ్చి అక్కడొక ఆసుపత్రిలో పిల్లను చూపించారు. నుదుటికి కుట్లు పడ్డాయి. ఎడమ మణికట్టు విరిగింది. ప్రాణానికి భయం లేదని చెప్పాక, డాక్టరమ్మ అడిగింది. "బిడ్డ బండిలో ఎక్కడ కూర్చుంది?"

ఆ ప్రశ్న తన వైపు రాకుండా ఆదెన్న గొంతు పెంచాడు.

"బ్యాగులు తెరుచుకోలేదమ్మా! ఆరుండాయని దుడ్లు గుంజినారు, ఒక్కటీ రాలేదు. ఆ కంపెనీవాళ్ళను ఊరికే వదలను. రోడ్డు మీద ఉలవలు పోసినోళ్ళనూ వదలను. వీడొకడు, కండ్లు యాడ పెట్టుకుని తోలతాండాడో!"

ఓబిలేష్ తల వంచుకున్నాడు. సుజాత అత్తను ఒక్క మాట అనలేదు. పొద్దుననే చెప్పాను కదా అని కూడా అనలేదు. తిట్టి ఉంటే కదిరమ్మ తట్టుకునేది.

"ఊరుకోండి," అంది కదిరమ్మ భర్తతో. "కంపెనీవాళ్ళు కాదు, ఉలవలూ కాదు. బిడ్డ నా ఒళ్ళో ఉన్నింది డాక్టరమ్మా. బెల్టులకు సందు వద్దని నేనే చెప్పినా. సీటు వద్దన్నదీ నేనే. గట్టిగానే పట్టుకున్నా తల్లీ... ఉన్న బలమంతా పెట్టి పట్టుకున్నా. యాడ పోయినాయో నా చేతులు, నాకు తెలీలేదు."

ఆసుపత్రి వరండాలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె గోడకు జారగిలబడింది. సుజాత వచ్చి పక్కనే నేల మీద కూర్చుంది.

"నువ్వు వదల్లేదత్తా," అంది మెల్లగా. "పొద్దున నేను చెప్పింది నీ చేతుల గురించి కాదు. నా ఒళ్ళో ఉన్నా అంతే అయ్యేది. ఎవరి చేతులకూ ఆగదు. బెల్టు లేకపోయినా నేనూ నోరు మూసుకుని ఎక్కినా గదా! గొడవెందుకులే అనుకున్నా. నాకూ బుద్ధి లేకపాయె."

అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. ఆదెన్న వాళ్ళను చూసి బయటికి నడిచాడు. కాసేపటికి వరండాలోంచి చూస్తే, తండ్రీ కొడుకులిద్దరూ బండి తలుపులు తెరిచి సీటు కవర్లు లాగేస్తున్నారు. ఎవరు ముందు మొదలుపెట్టారో గానీ, ఆదెన్నే గట్టిగా లాగుతున్నాడు. మూటలన్నీ దించి, పెళ్ళి ఇంటి నుంచి వచ్చినవాళ్ళ ఆటోలో వేయించాడు.

సాయంత్రం ఇంటికి బయలుదేరారు. నందినిని వెనక సీట్లో తన సీటులో కూర్చోబెట్టి, సుజాత పట్టీలు బిగించింది. పిల్లకు అది కొత్త. చెయ్యి నొప్పి, నుదురు నొప్పి, పైగా కదలనివ్వని పట్టీలు. బాగున్న చెయ్యి పక్కనే ఉన్న అవ్వ వైపు చాచింది.

"అవ్వా, ఒళ్ళో! ఒళ్ళోకి తీస్కో అవ్వా!"

కదిరమ్మ చేతులు వాటంతట అవే లేచాయి. ఏ బిడ్డ ఏడ్చినా లేవడం తప్ప వేరే తెలియని చేతులవి. వాటిని ఆమె బలవంతాన వెనక్కి తీసుకుని తన బెల్టు తానే పెట్టుకుంది. జరీ మీద కొక్కెం గీసుకుంది. ఆమె చూడలేదు.

"లేదు తల్లీ. ఒళ్ళోకి వద్దు."

"అవ్వ మంచిది కాదు! పో!" పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. తీసుకోమన్నట్టు సుజాతే ఒక్క క్షణం అత్త వైపు చూసింది. కదిరమ్మ అడ్డంగా తల ఊపింది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"అవును తల్లీ, అవ్వ మంచిది కాదు. తిట్టు. ఎంత కావాల్నంటే అంత ఏడువు. నువ్వు ఏడుస్తాంటే నాకు ధైర్యంగా ఉండాది."

సుజాత చెయ్యి చాచి అత్త చేతిని పట్టుకుంది. ఓబిలేష్ అద్దంలో అందరి బెల్టులూ చూసుకుని, బండిని మెల్లగా రోడ్డెక్కించాడు.