ముక్కు మీద నల్లచుక్కలు

"వో నాక్‌వాలీ పట్టీ దేనా. చిపకాకే ఖీంచ్‌నేవాలీ" అని ముక్కుకు అతికించి పీకే పట్టీ అడిగాడు భూషణ్, తడిసిన జుట్టు విదిలిస్తూ.

కౌంటర్ వెనక మాస్కు పెట్టుకున్న అమ్మాయి అతని ముక్కు వంక చూసింది. ఎర్రగా వాచి, అక్కడక్కడా గీరుకుపోయి ఉంది.

"నహీ దూంగీ" అంది, ఇవ్వనని తల అడ్డంగా ఊపుతూ.

భూషణ్‌కు చిర్రెత్తింది. "ముక్కు నాది, పైసలు నావి. నడుమ ఈమెకేంది నొప్పి?" అని తెలుగులో గొణుక్కున్నాడు.

"నాకేం నొప్పి లేదు. పట్టీ పీకితే తోలు ఊడొచ్చి నీకే అయితది" అంది అమ్మాయి, అదే తెలుగులో.

భూషణ్ కౌంటర్ మీదికి వంగి ఆమె వంక చూశాడు. బయట భివండీలోని నార్పోలి రోడ్డంతా వానలో కరిగిపోతున్నట్టుంది.

"తెలుగోళ్లా మీరు?"

"బోర్డు మీద మా నాయిన పేరున్నది గద, అంకుశం మెడికల్ అని. సూడలే?"

ఆమె పేరు కోమల్. ఫార్మసీ చదివి తండ్రి దుకాణంలోనే కూర్చుంటోంది. భూషణ్‌ది నాగావ్‌లో కార్ఖానా. పొద్దంతా సాంచాల, అంటే మరమగ్గాల, మధ్య నూనె, చెమట, దూది నుసి. కరీంనగర్ సంబంధం వాళ్లు చూడటానికి వస్తారని అమ్మ ఫొటో తీసింది. ముక్కు మీద నల్లచుక్కలు చూసి వదిన పకపకా నవ్వింది. అంతే, సేఫ్టీ పిన్ను అందుకున్నాడు.

"పిన్నుతోని గీకినవా?"

"జరంతనే."

"అది మురికి కాదు, గీకితే పోనీకి. చర్మం లోపలి నూనె రంధ్రంల గడ్డకట్టి, గాలి తగిలి నల్లగైతది. ముందుగాల ఈ మంట తగ్గనియ్యి. పని కాంగనే మొఖం మెల్లగ కడుక్కో, రుద్దకు. పుండు మానినంక ఈ సాలిసిలిక్ యాసిడ్ జెల్ రోజు విడిచి రోజు, కొంచెమే పెట్టు. మండితే బంద్ చెయ్యి. పొద్దుగాల సన్‌స్క్రీన్. మొఖానికి ఇంకేమన్న రాస్తవా?"

"మా నాయినమ్మ కొబ్బరినూనె రాస్తది."

"ముక్కుకా?"

"తలకు పెట్టంగ మిగిలింది మొఖానికి."

మాస్కు పైన కళ్లు నవ్వాయి. ఆ కళ్లలో కాటుక లేదు, బెదురూ లేదు. భూషణ్‌కు తను ఏం కొనడానికి వచ్చాడో మరుపొచ్చింది.

"ఎన్నడు పోతయ్ ఇవి?"

"వారాలు పడ్తది. పోయినా మళ్ల వస్తయ్. రోజూ సూసుకోవాలె."

చివరి మాట ఒక్కటే అతని చెవిలో నిలిచింది. రోజూ చూసుకోవడం మొదలుపెట్టాడు, ముక్కును కాదు.

ఆ వానాకాలమంతా భివండీలో అతనికి కలలా గడిచింది. సాంచాల మోతలో కూడా ఎవరో మెత్తగా పిలుస్తున్నట్టుండేది. దారం తెగినా చూసుకునేవాడు కాదు. సాయంత్రం కాగానే ముఖం కడుక్కుని, ఏదో ఒక వంకతో నార్పోలి చేరేవాడు.

"బ్యాండేజీ కావాలె."

"ఎవలికి దెబ్బ తాకింది?"

"ఇంకా తాకలే. తాకితే ఉంటదని."

"నీ ముక్కు మంచిగైంది గద. ఇగ సంబంధమోళ్లు మెచ్చుకుంటరు పో" అనేది అతని సంబంధం సంగతి విన్న కోమల్, బ్యాండేజీ కౌంటర్ మీద పెడుతూ. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె కళ్లు అరలవైపు తిరిగేవి.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఉక్క భరించలేక కోమల్ మాస్కు తీసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. తలెత్తితే గడప దగ్గర భూషణ్. ఆమె ముక్కు కొస మీద చిన్న చిన్న గుంటలు, పాత మచ్చలు అతనికి కనబడ్డాయి.

ఆమె మాస్కు పెట్టుకోలేదు. "పదో తరగతిల నేను సుత పిన్నుతోనే గీకిన. చీము పట్టి గిట్లయింది. అందుకే ఆ దినం నీ మీద ఒర్రిన" అంది.

మర్నాడే భూషణ్ ఠాణే వెళ్లి, మచ్చలు పోగొట్టే ఖరీదైన క్రీము కొని, రంగు కాగితం చుట్టించి తెచ్చాడు. కోమల్ విప్పి చూసి, డబ్బా అతని వైపు తోసింది.

"ఒకాయన పెండ్లిచూపులకొచ్చి, అన్నీ మంచిగున్నయ్ గని ముక్కే, అన్నడు. నువ్వు నోటితోనన్న అనలే. కొనుక్కొచ్చినవ్."

"కోమల్, అట్ల కాదు..."

"గిరాకీ ఉన్నది. జరుగు."

అతను జరిగాడు. ఇంటికి వెళ్లి కరీంనగర్ సంబంధం వద్దన్నాడు. అమ్మ ఏడ్చింది, నాన్న మాట్లాడటం మానేశాడు. నాయినమ్మ లస్మవ్వ ఒక్కతే దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది. "ఎవలురా ఆ పిల్ల?"

"ఉన్నది నాయినమ్మ. నా మొఖం సూడనంటున్నది."

"నాకు సెప్పి ఏం లాభం? ఆమెకు సెప్పు, పో."

సాయంత్రాలు కోమల్ వరాలా తలావ్ దగ్గర నడుస్తుందని అతనికి తెలుసు. సన్నటి జల్లు పడుతోంది. చెరువు మీద పొగలాంటి తెలుపు, అందులోంచి నీలం గొడుగు ఒకటి వస్తోంది. కింద మాస్కు.

"ఒక్క మాట. విన్నంక పొమ్మంటే పోత" అన్నాడు.

ఆమె ఆగింది.

"నువ్వు మాస్కు ఏసుకుంటే నీ కండ్లే నవ్వుతయ్. నాకు సగం నవ్వే అందుతుండె. మచ్చ పోతే మాస్కు తీస్తవనుకున్న, పాగల్‌గాడిని. నువ్వు మారాలని కాదు, మొత్తం నవ్వు సూడాలని ఆశ. సంబంధం వద్దన్న. ముక్కు ఎన్నడో మంచిగైంది కోమల్. అటెన్క వచ్చింది ముక్కు కోసం కాదు."

జల్లు గొడుగు మీద చిటపటలాడింది. కోమల్ మెల్లగా మాస్కు తీసి గుప్పిట్లో ముడిచింది.

"బ్యాండేజీల కోసమా?"

"ఇంట్ల డబ్బా నిండింది."

ఆమె నవ్వింది. మొత్తంగా. భూషణ్ వానలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. గొడుగు అతని తల మీదికి జరిగింది.

ఆదివారం లస్మవ్వ కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని అంకుశం ఇంటికి వచ్చింది. పెద్దవాళ్లు ఊళ్ల పేర్లు, చుట్టరికాలు కలుపుకుంటుంటే, చాయ్ తెచ్చిన కోమల్‌ను ముసలామె పక్కన కూర్చోబెట్టుకుంది. భూషణ్ తల్లి చూపు పిల్ల ముక్కు దగ్గర ఆగింది. కోమల్ తల దించుకోబోయింది.

లస్మవ్వ ఆమె చెయ్యి పట్టి తన చెంప మీద పెట్టుకుంది. వేళ్లకు ముడతల మధ్య గుంటలు తగిలాయి.

"సిన్నప్పుడు అమ్మోరు పోసింది. పెండ్లయిన తెల్లారి మీ తాతనడిగిన, నా మొఖం సూసినవా అని. సూసిన, మంచిగున్నవ్, జొన్నరొట్టె పెట్టు అన్నడు. గంతే. బతికినన్ని దినాలు మళ్ల ఆ ముచ్చటే రాలే."

భూషణ్ తల్లి లేచి వచ్చి, కోమల్ చేతిలో ఖాళీ ట్రే అందుకుంది.

"నువ్వు కూసో బిడ్డా. నేను పెట్టొస్త" అంది.