ఒకే వయసు కణాలు

...అందంగా ఉండటమే అసహ్యంగా ఉంది, అనుకున్నాడు ఎస్సై ప్రశాంత్. మైక్రోస్కోపు కింద గులాబీ వలయాలు. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. గోడల్లో ఊదా చుక్కలు. మగవాడి లోపలి సంగతి ఇంతేనా? తన లోపల కూడా ఇలాగే ఉంటుందా? లేకపోతే?

జేబులో మడిచిన వీర్యపరీక్ష ఫారం ఛాతీకి గుచ్చుకుంది. మిర్యాలగూడ డాక్టరమ్మ ఇచ్చి నాలుగు నెలలైంది. ఈలోగా పిల్లల కోసం భార్య స్వరూప పన్నెండు ఇంజెక్షన్లు వేయించుకుంది. అతడు ఫారంలో పేరు కూడా రాయలేదు.

"ఏం కనబడుతున్నది?" అడిగింది దీవెన. సూర్యాపేటలో పాథాలజిస్ట్.

"చేపగుడ్ల లెక్క ఉన్నయ్ మేడం."

గురువారం. ఉదయం 11.20.

స్లయిడు కోదాడ ల్యాబ్‌ది. లేబుల్ మీద పేరు బాలాజీ. త్రిపురారం దగ్గరి తండా. పెళ్లై ఆరేళ్లు, పిల్లల్లేరు. రేపు ఉదయం రెండో పెళ్లి. పిల్ల తండ్రి ముందుగా మగవాడి రిపోర్టు చూపించమన్నాడు. నిన్న వచ్చింది. వృషణం బయాప్సీ, నార్మల్. అంటే లోపం మొదటి భార్య సరళదే.

నిన్న సాయంత్రమే సరళ స్టేషన్‌కు వచ్చింది. "మొదలు వీర్యం పరీక్ష చేసిన్రు సార్. ఆ కాగితం మా ఆయన పొయ్యిల పెట్టిండు. మంచిగుంటే ఎందుకు కాలుస్తడు?"

ఆ ఒక్క మాట పట్టుకునే ఇక్కడిదాకా వచ్చాడు.

"వీర్యకణాలు ఉన్నయ్ గదా మేడం?"

"ఉన్నయ్. కోదాడ డాక్టర్ అంతే చూసిండు, సంతకం పెట్టిండు. నువ్వు ఒక్క వలయం చూడు. అది గొట్టం, అడ్డంగా కోసినం. గోడ దగ్గర గుండ్రటి కణాలు. లోపలికి వచ్చినకొద్దీ ఎదుగుతయ్, తోకలొస్తయ్. మధ్యల నిలువుగ ఉన్నవి సెర్టోలి కణాలు. మిగతావాటిని అవే సాకుతయ్."

"సరే."

"ఇప్పుడు చుట్టూ తిరుగు. పైన, కింద, పక్కలకు."

తిరిగాడు. "అంతా ఒకటే తీరు ఉంది."

"మనిషిదైతే ఉండదు. ఒకే వలయంలో ఇక్కడొక వయసు, అక్కడొక వయసు. అతుకుల బొంత. చుట్టూ ఒకే వయసుంటే అది పశువుది. గొర్రెనో, మేకనో."

గొర్రె.

ప్రశాంత్ తల ఎత్తాడు. సోమవారం బాలాజీ తల్లి సాలి ఒక ఫిర్యాదు పట్టుకొచ్చింది. స్టేషనంతా నవ్వింది. అతడూ నవ్వాడు.

సాయంత్రం 4.10. మిర్యాలగూడ స్టేషన్. నలుగురు కూర్చున్నారు. బాలాజీ, సాలి, సరళ. నాలుగోవాడు హరిలాల్, బాలాజీకి చిన్నాన్న కొడుకు. కోదాడ ల్యాబ్‌లో టెక్నీషియన్.

"పొట్టేలును ఎప్పుడు కోసిన్రమ్మా?"

"ఆదివారం, ఎనిమిదింటికి," అంది సాలి. "సంబంధం ఖాయమైందని కోసినం. వట్టలు రెండూ పెండ్లికొడుకు పళ్లెంల వెయ్యాలె, మా ఇంట్ల ఆనవాయితీ. సూస్తే ఒక్కటే ఉంది. రెండోది గీమెనే ఎత్తుకపోయింది సారూ. నా కొడుకు బలం సూసి ఓర్వది."

"నీ కొడుకు బలం నాకెందుకత్తా, వండుకోనీకా?" అంది సరళ.

"కోసింది ఎవరు?"

"హరిలాలే. దవాఖానల కోసే చెయ్యి, సక్కగుంటది."

ప్రశాంత్ హరిలాల్ వైపు తిరిగాడు. "బువ్వ తిన్నవా ఆ రోజు?"

"లేదు సార్. డ్యూటీ ఉండె, జల్ది పోయిన."

"ఆదివారం మీ ల్యాబ్ బంద్."

హరిలాల్ బాలాజీ వైపు చూశాడు.

ప్రశాంత్ స్లయిడు బల్ల మీద పెట్టాడు. "ఇది పశువుదని సూర్యాపేట డాక్టరమ్మ రాసిచ్చింది. బయాప్సీ పోయిన గురువారం. పొట్టేలు ఆదివారం. రిపోర్టు బుధవారం. అమ్మా, ఒక వట్ట నీ కొడుకు పళ్లెంల పడ్డది. రెండోది ఆయన రిపోర్టుల పడ్డది."

సాలి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్ననే అడిగిండు సార్," అన్నాడు హరిలాల్. "పరువు పోతది, జర సూడమన్నడు." జేబులోంచి చిన్న మైనపు దిమ్మ తీశాడు. "అన్నది అసలు ముక్క ఈ మైనంల ఉంది. పారెయ్య బుద్ధి కాలే. శనివారమే సూసిన. గొట్టాలున్నయ్. సాకే కణాలున్నయ్. సాకుదామంటే ఏం లేదు."

బాలాజీ భార్య వైపు చూడలేదు. "మందులు వాడితే అయితది గద సార్. రేపటిది ఆపకున్రి."

ప్రశాంత్‌ ఫోన్ తీసి పిల్ల తండ్రికి విషయం చెప్పాడు.  అటువైపు నుంచి "మా పిల్ల మా ఇంట్లనే ఉంటది," అని వినిపించింది.

సరళ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. "రిపోర్టు తప్పని రాసియ్యి సార్. నోటితోని చెప్తే తండాల ఎవరు నమ్మరు. గొడ్డురాలు, గొడ్డురాలు అని ఆరేండ్లు పిలిచిన్రు."

రాశాడు. స్టాంపు వేశాడు. ఆమె సిరా ఆరేదాకా ఊది, మడిచి జాకెట్లో పెట్టుకుంది.

హరిలాల్‌ను, బాలాజీని కానిస్టేబుల్ లోపలి గదికి తీసుకెళ్లాడు. మూత పెట్టని పెన్ను ఇంకా ప్రశాంత్ చేతిలోనే ఉంది.

బాలాజీ కాగితం కాల్చాడు. తను మడిచి పెట్టుకున్నాడు. తేడా ఎంత? స్వరూప చేతి మీద సూది మచ్చలు గుర్తొచ్చాయి. ఒక్కసారి కూడా లెక్కపెట్టినట్టు కనపడకుండా లెక్కపెట్టినవి. పొద్దున చూసిన వలయాల మీద కలిగిన రోత అంతా ఇప్పుడు తన చొక్కా జేబులోకి వచ్చి కూర్చుంది.

ఫారం తీశాడు. మడతల దగ్గర చిరుగుతోంది. బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేశాడు.

పేషెంటు పేరు అన్నచోట ప్రశాంత్ అని రాశాడు.