తీగల మీద చెయ్యి

వీధిలో అతన్ని అందరూ ఫ్యూజు అనే పిలుస్తారు. కరెంటు పని చేస్తాడు గనక ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. పాతవాళ్ళకు అసలు సంగతి తెలుసు. చిన్న మాటకే టప్‌మని ఎగిరిపోయే మనిషి. రెండేళ్ళ కిందట కూతురు చదువు పక్కన పెట్టి చిన్న కీబోర్డు వాయించుకుంటోందని, దాన్ని లాక్కుని గోడకేసి కొట్టాడు. విరిగిన ముక్క ఒకటి ఎగిరొచ్చి పిల్ల కనుబొమ్మ చీల్చింది. నాలుగు కుట్లు పడ్డాయి. అప్పటినుంచి అతని గొంతు కాస్త పెరిగితే చాలు, కూతురి గదికి లోపల గడియ పడిన చప్పుడు వినిపించేది. ఆ చప్పుడే అతన్ని మనిషిని చేసింది. ఈ రెండేళ్ళలో అతను టీ కప్పు కూడా గట్టిగా కింద పెట్టలేదు.

అందుకే పదిహేనేళ్ళ కూతురు తనంతట తానే వచ్చి, "బళ్ళో మా బృందానికి బేస్ గిటారు వాయించేవాళ్ళు లేరు, నేను నేర్చుకుంటా నాన్నా" అన్నప్పుడు అతనికి కాళ్ళు నేల మీద ఆగలేదు. కొత్తది కొనే స్తోమత లేదు. "నేర్చుకునేవాళ్ళకి వాడినదే మేలు, కానీ చూసి కొనండి" అని సంగీతం టీచరు ఏమేం చూడాలో ఒక కాగితం మీద రాసిచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం సన్నగా వాన పడుతుండగా వాడిన బేస్ గిటారు అమ్ముతున్నారని తెలిసి తండ్రీకూతుళ్ళు ఒక మూడో అంతస్తు ఇంటికి ఎక్కారు. తలుపు తీసినావిడకు అరవై ఏళ్ళుంటాయి. ఇంట్లో ఉక్కగా ఉన్నా ఒంటినిండా శాలువా కప్పుకుని ఉంది. గది అద్దంలా తుడిచి ఉంది. తలుపులన్నీ రంగు వెలిసిన పాతవి. లోపలి గది తలుపు ఒక్కటే కొత్తది, దానికింకా రంగు కూడా వెయ్యలేదు.

బేస్ గిటారు గోడకు ఆనించి ఉంది. నల్లది, నాలుగు లావుపాటి తీగలది, ఎత్తితే గొడ్డలంత బరువు. కూతురు కాగితం విప్పి పరీక్ష మొదలుపెట్టింది. కాడ వంగిందేమోనని ఒక కన్ను మూసి చూసింది. కాడ మీది ఒక్కో లోహపు మెట్టు దగ్గరా తీగ నొక్కి మోగించింది. ఫ్యూజు చూపు మాత్రం గిటారు కింది మూలకు పోయింది. అక్కడ చెక్క పగిలితే లప్పం పెట్టి పైన నల్లరంగు పూశారు. వస్తువులు పగలగొట్టిన చేతికి అలాంటి అతుకు ఇట్టే తెలిసిపోతుంది.

"కింద పడిందాండీ?"

"ఆఁ... పడింది," అందావిడ, కిటికీలోంచి వానను చూస్తూ.

స్పీకరు పెట్టెకు వైరు తగిలించి స్విచ్చి వేశారు. గుంయ్‌మంటూ సన్నటి మోత మొదలైంది. కూతురు తీగల మీద చెయ్యి వేసింది. మోత ఠక్కున ఆగింది. తీసింది. మళ్ళీ గుంయ్.

"నాన్నా, ఇది పాడైందా?"

"పాడవలేదే పిచ్చిమొహమా! మనిషి చెయ్యి తగిలితే ఆగుతుంది, తీస్తే మోగుతుంది. దానికి మన ఒళ్ళే మందు."

తన విద్య కూతురికి పనికొచ్చినందుకు ఫ్యూజు పొంగిపోయాడు. పిల్ల చెయ్యి వేస్తూ, తీస్తూ, నవ్వుతూ ఆడుకుంది. ఆ నవ్వు విని రెండేళ్ళయింది.

"ఎవరు వాయిస్తారు?" అని అడిగిందావిడ.

"నేనే," అంది కూతురు.

"అయితే ఈ అమ్మాయి తప్ప ఇంట్లో పెద్దవాళ్ళెవరూ తీగల మీద చెయ్యి వెయ్యకండి." ఆవిడ చూసింది కూతుర్ని కాదు, అతన్ని.

"నా చెయ్యి పడితే శ్రుతి పోతుందనా?" అని నవ్వాడు ఫ్యూజు. ఆవిడ నవ్వలేదు. అడక్కుండానే స్పీకరు పెట్టె కూడా పట్టుకుపొమ్మంది. వాళ్ళు మెట్లు దిగేదాకా తలుపు దగ్గరే నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి నాలుగు దాటింది. భార్య ఆసుపత్రిలో పగటి డ్యూటీకి వెళ్ళింది, ఇంకా రాలేదు. కూతురు తన గదిలో దుకాణం తెరిచేసింది. ధమ్... ధమ్... ధమ్. ఒకటే తీగ, ఒకటే మెట్టు. వినేవాళ్ళకు విసుగు పుట్టాలి, ఫ్యూజుకు మాత్రం కడుపు నిండింది. వంటింట్లో టీ పెట్టుకుంటూ తలూపాడు.

కాసేపటికి వాయింపు ఆగి, మోత మిగిలింది. తర్వాత మోత కూడా ఆగింది. తీగల మీద చెయ్యి వేసింది కాబోలు అనుకున్నాడు.

"నాన్నా, కొంచెం నీళ్ళివ్వవా?"

కూతురు అతని వెనకే ఉంది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

ఫ్యూజు చేతిలోని గ్లాసు అలాగే ఆగిపోయింది. ఇద్దరూ ఆ గది వైపు చెవి పెట్టారు. చూరు మీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మరో నాలుగు క్షణాలకు... గుంయ్... చెయ్యి తీసినట్టు.

"లూజు కనెక్షను," అన్నాడు. అలా అనకపోతే పిల్ల భయపడుతుంది. నిజానికి అతనే భయపడ్డాడు.

ప్లగ్గు పీకి, గిటారు మంచం మీద బోర్లా పెట్టి, వెనక మూత మరలు ఊడదీశాడు. పాత చెక్క వాసన, దాని కింద ఇనుము తుప్పులాంటి మరో వాసన వచ్చింది. వైర్లన్నీ చక్కగా అతికి ఉన్నాయి, ఎర్తింగులో పిసరంత కూడా తేడా లేదు. మూలలో ఏదో గలగలమంది. వేలు పెట్టి బయటికి తీశాడు.

పన్ను... మనిషి ముందరి పన్ను. పళ్ళు సరిచేయించుకునే పిల్లలకు అతికిస్తారే, ఆ చిన్న లోహపు బిళ్ళ దాని మీద ఇంకా ఉంది.

అప్పుడే గిటారు వీధిలో పారేసి ఉంటే సరిపోయేది. కానీ ఫ్యూజు పన్నును జేబులో దాచి, మూత బిగించాడు. తప్పేమిటో తేలకుండా వదిలెయ్యడం అతనికి పుట్టుకతో రాదు. గిటారు వెల్లకిలా తిప్పి, వైరు తగిలించి స్విచ్చి వేశాడు. మోత వచ్చింది. ముట్టుకోవద్దన్న మాట గుర్తుంది. ఇన్నేళ్ళుగా లైన్లు తడిమి చూసిన చెయ్యి ఆ మాట వినలేదు. కుడి చెయ్యి తీగల మీద పెట్టాడు.

మోత ఆగింది.

చెయ్యి తీశాడు.

మోత రాలేదు.

ఫ్యూజు వంగి చూశాడు. పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. నాలుగు తీగలూ ఒకచోట కొద్దిగా కిందికి నొక్కుకుని ఉన్నాయి... వాటి మీద ఏమీ లేదు.

అతను వెనక్కి జరగాలనుకున్నాడు. అతని చెయ్యి ముందుకు వెళ్ళింది. వేళ్ళు గిటారు కాడ చుట్టూ బిగుసుకున్నాయి. వేళ్ళలోంచి మోచేతికి, మోచేతిలోంచి భుజానికి ఏదో పాకింది... కోపం. ఎవరి మీదో తెలియని కోపం. కీబోర్డు విరిచిన రోజు వచ్చిన కోపం దీని ముందు దిగదుడుపు.

"నాన్నా..." గుమ్మంలోంచి కూతురు గుసగుసగా అంది. "చెయ్యి తీసెయ్."

గిటారు గాలిలోకి లేచింది. వైరు పటుక్కున ఊడింది. మొదటి దెబ్బకు అద్దం భళ్ళున పగిలింది. రెండో దెబ్బకు మంచం కోడు విరిగింది. మూడోది పిల్ల చెవి పక్కనుంచి పోయి గోడ పెచ్చు లేపింది. పిల్ల కెవ్వున అరిచి, పక్కగదిలోకి దూరి గడియ వేసుకుంది.

ఆ గడియ చప్పుడు ఫ్యూజు విన్నాడు. లోపలెక్కడో ఏడ్చాడు. కాళ్ళు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

తలుపు మీద దెబ్బ. ఇంకో దెబ్బ. పలక చీలింది. చీలికలోంచి తెల్లబోయిన ముఖం, కనుబొమ్మ మీద మచ్చ కనిపించాయి. ఫ్యూజు నోరు తెరుచుకుంది. బయటికి వచ్చిన గొంతు ఆడగొంతు.

"చిట్టీ... తలుపు తియ్యవే... ఏమీ చెయ్యను..."

కూతుర్ని అతను ఏనాడూ చిట్టీ అని పిలవలేదు.

గడియ ఊడి ఎగిరిపోయింది. కూతురు గోడ మూలకు నక్కి, రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. గిటారు అతని నెత్తి పైదాకా లేచింది.

షాకు పట్టుకున్న మనిషి వదలాలనుకున్నా చెయ్యి వదలదు. చేతిని బతిమాలి లాభం లేదు. లైను తెంచాలి. తన దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళకు అతను ఎన్నోసార్లు చెప్పిన మాటే అది. ఎడమ చెయ్యి ఇంకా అతని మాట వింటోంది. ఒంటి బరువంతా పక్కకు పడేసి, కుడి మణికట్టును తలుపు బందుల సందులోకి తోశాడు. ఎడమచేత్తో తలుపు పట్టి ఈడ్చి మూశాడు.

ఎముక పుటుక్కుమంది. వేళ్ళు వదల్లేదు.

మళ్ళీ మూశాడు. తోలు చిట్లి నెత్తురు చెక్క మీద చిమ్మింది. వేళ్ళు వదల్లేదు.

మూడోసారి భుజంతో గుద్దాడు.

గిటారు దబ్బున నేల మీద పడింది. పక్కగదిలో స్పీకరు పెట్టె... గుంయ్‌మంది.

"మెయిన్ ఆపెయ్ తల్లీ!" అని అరిచాడు. పిల్ల అతని మీంచి దూకి వెళ్ళి మెయిన్ దించేసింది. తర్వాత వీధిలోకి పారిపోవచ్చు. పారిపోలేదు. వచ్చి, అతని నుజ్జయిన చేతికి తన చున్నీ చుట్టి, పక్కనే కూర్చుని ఏడ్చింది. "అది నువ్వు కాదు నాన్నా, నాకు తెలుసు," అంది. ఫ్యూజు జన్మలో అంత నొప్పి పడలేదు, అంత ఊరటా పొందలేదు.

వారం తర్వాత, భుజం దాకా సిమెంటు కట్టుతో ఆ మూడో అంతస్తు ఎక్కాడు. గిటారును అప్పటికే ముక్కలు చేసి కాల్చేశాడు. పన్ను ఒక్కటే తెచ్చాడు. జరిగిందంతా చెప్పి దాన్ని చాపాడు. ఆవిడ దాన్ని అందుకోవడానికి శాలువాలోంచి కుడి చెయ్యి బయటికి తీసింది. మణికట్టు దగ్గర వంకర తిరిగి అతుక్కున్న చెయ్యి. మూడు వేళ్ళు లేవు.

"మా మనవరాలు చిట్టి కోసమే కొన్నాం," అంది. "కొత్తగా నేర్చుకుంటానంటే... నేనూ తలుపులో పెట్టే నలగ్గొట్టుకున్నాను. కాకపోతే ఆలస్యంగా."

"తెలిసి తెలిసి మాకెందుకు ఇచ్చారు?" అని అడిగాడు ఫ్యూజు.

"మోత భరించలేకపోయాను. గిటారు ఇల్లు దాటితే మోత పోతుందనుకున్నాను." ఆవిడ పన్నును గుప్పిట్లో మూసింది. "పోలేదు బాబూ. అది గిటార్లో లేదు."

ఆ సాయంత్రం కూతురు బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. పగిలిన తలుపు చోట కొత్త తలుపు పెట్టించారు, రంగు వెయ్యాలి. వంటింట్లోంచి భార్య గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. దాని వెనక సన్నగా మోత. వారంగా అంతే. ఫ్రిజ్ ఆపి చూశాడు, దీపాలు ఆపి చూశాడు, మెయిన్ దించీ చూశాడు. ఆగలేదు. చెవుల్లోనే ఏదో అయిందని సరిపెట్టుకున్నాడు.

"నాన్నా, ఈ లెక్క కుదిరింది చూడు," అంది కూతురు, తల ఎత్తకుండానే.

గది తలుపు బార్లా తెరిచే ఉంది. ఈ మధ్య పిల్ల గడియ వెయ్యడమే మానేసింది. ఫ్యూజు ఆ తలుపు వైపోసారి చూసుకున్నాడు. దగ్గరికి వెళ్ళి, మిగిలిన ఎడమ చేతిని ప్రేమగా కూతురి తల మీద పెట్టాడు.

మోత ఆగింది.

నెమ్మదిగా, చాలా నెమ్మదిగా... చెయ్యి తీశాడు.

చెవులు రిక్కించి నిలబడ్డాడు. వంటింట్లో గిన్నెలు సర్దడం అయిపోయింది. పిల్ల పెన్సిలు కాగితం మీద గీస్తున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది.

మోత రాలేదు. కూతురి నడినెత్తిన జుట్టు ఇంకా అణిగే ఉంది.